బిట్ పేపర్‌లో పేషెంట్ ఎక్కడున్నాడు?

పోయిన నెల ఈ పేజీ అడుగున "నర్సింగ్ పరీక్షల మీద ఏమైనా అడగండి" అని ఒక్క లైను రాశాను. అంతే, ఉత్తరాలూ వాట్సాప్ మెసేజ్‌లూ కుప్పలుగా వచ్చి పడ్డాయి. సగానికి పైగా వాటిలో ఒకటే గోడు: చదివాను మేడమ్, అయినా మార్కులు రాలేదు. నేను ఇరవై ఏళ్లకు పైగా క్లాసులో నిలబడి పాఠాలు చెప్పి, కట్టలకొద్దీ పేపర్లు దిద్ది, రిటైరయ్యాక ఇదిగో ఇలా జవాబులు రాస్తున్నదాన్ని. అందరికీ విడివిడిగా రాసే ఓపిక లేదు కాబట్టి ఏడింటిని తీసుకున్నాను. పేర్లు తీసేశాను, ఊళ్లు మాత్రం ఉంచాను.

ప్రశ్న: బీఎస్సీ నర్సింగ్ మూడో సెమిస్టర్ చదువుతున్నాను. అడల్ట్ హెల్త్ నర్సింగ్ పుస్తకం రెండుసార్లు పూర్తి చేశాను. ఎవరైనా నోటితో అడిగితే గడగడా చెప్పేస్తాను. బిట్లు ముందు పెట్టుకుంటే మాత్రం నాలుగు ఆప్షన్లూ కరెక్టే అనిపిస్తాయి. రెండు కొట్టేశాక మిగిలిన రెండింటిలో ఎప్పుడూ తప్పుదే పెడతాను. నాకు తక్కువైంది తెలివా, టెక్నిక్కా?
(ఓ విద్యార్థిని, ఒంగోలు)

జవాబు: నాలుగూ కరెక్టే అనిపించడం నీ తప్పు కాదమ్మా, చాలాసార్లు నిజంగానే నాలుగూ కరెక్టే. పేపర్ తయారుచేసినవాళ్లు అడిగింది "ఏది కరెక్టు" అని కాదు, "ముందు ఏది" అని. నువ్వు పుస్తకంలో పేరా వెతుక్కుంటున్నావు, వాళ్లేమో మంచం పక్కన నిలబడమంటున్నారు.

ఒకటి చూద్దాం. "పేషెంట్‌కు రక్తం ఎక్కించడం మొదలుపెట్టి పదిహేను నిమిషాలైంది. చలి, వణుకు, నడుం నొప్పి అంటున్నాడు. నర్సు ముందుగా ఏం చేయాలి?" ఆప్షన్లు: డాక్టర్‌కు చెప్పాలి, టెంపరేచర్ బీపీ చూడాలి, రక్తం ఆపాలి, అలర్జీ ఇంజెక్షన్ సిద్ధం చేయాలి. క్లాసులో ఈ బిట్ ఇచ్చినప్పుడల్లా సగం మంది "బీపీ చూడాలి" పెట్టేవాళ్లు. ఎందుకని అడిగితే "నర్సింగ్ ప్రాసెస్‌లో ఫస్ట్ అసెస్‌మెంట్ కదా మేడమ్" అనేవాళ్లు. సూత్రం బానే పట్టారు, పేషెంట్‌ని వదిలేశారు. ఆ అసెస్‌మెంట్, అంటే పేషెంట్‌ని పరిశీలించి తెలుసుకోవడం, ప్రశ్నలోనే అయిపోయింది! వణుకు, నడుం నొప్పి అని వాళ్లే చెప్పేశారు. ఇంకా నువ్వు బీపీ కఫ్ వెతుక్కుంటూ కూర్చుంటే ఆ రక్తం చుక్క చుక్కా లోపలికి పోతూనే ఉంటుంది. ముందు ఆపు. తర్వాత కొత్త సెట్‌తో నార్మల్ సెలైన్ పెట్టి నరం మూసుకుపోకుండా చూడు, ఆ తర్వాత డాక్టరు, వైటల్స్, బ్యాగును బ్లడ్ బ్యాంకుకు పంపడం, అన్నీ వస్తాయి.

ఇప్పుడు ఇంకొకటి. "ఆపరేషన్ అయిన రెండో రోజు పేషెంట్ కడుపులో నొప్పి అంటున్నాడు. ముందుగా ఏం చేస్తారు?" ఇక్కడ నొప్పి ఎక్కడ, ఎలా, ఎంత అనేది ఏదీ చెప్పలేదు. కుట్టు దగ్గరా, గ్యాసా, మూత్రం ఆగిపోయిందా? ఇక్కడ అడిగి చూడటమే ముందు, పెయిన్ కిల్లర్ తర్వాత. రెండు ప్రశ్నలూ "ముందుగా" అనే అడిగాయి, జవాబులు మాత్రం ఒకదానిలో పని చేయడం, ఇంకోదానిలో చూడటం. తేడా ఎక్కడుందంటే ప్రశ్నలో సమాచారం సరిపడా ఉందా లేదా అన్నదాంట్లో. కాబట్టి ఆప్షన్ల మీదికి పోయేముందు ఒక్క క్షణం ఆగి "నాకు చేయడానికి కావలసింది చెప్పారా, ఇంకా తెలుసుకోవాలా" అని అడుగు. నువ్వు రాసినట్టు చివర్లో మిగిలే రెండు ఆప్షన్ల దగ్గర జరిగేది ఎక్కువగా ఇదే గొడవ.

"నలుగురు పేషెంట్లలో ముందు ఎవరి దగ్గరికి వెళ్తారు" అనే రకం ఉంటుంది చూడు, అందులో కాలు విరిగి గట్టిగా అరుస్తున్నవాడు, షుగర్ 250 ఉన్నావిడ, డిశ్చార్జి లేటయిందని గొడవ చేస్తున్నవాడు, పొద్దున థైరాయిడ్ ఆపరేషన్ అయి మెడ బిగుసుకున్నట్టుందని మెల్లగా చెబుతున్నావిడ. వార్డులో ఎవరైనా అరుపు వినపడ్డ వైపే తల తిప్పుతారు, పరీక్షలోనూ అదే చేస్తారు. అరిచేవాడికి కనీసం గాలి ఆడుతోంది. మెడ బిగుసుకుంటున్నావిడకు లోపల రక్తం చేరి శ్వాసనాళం నొక్కుకుపోతుండొచ్చు, ముందు ఆవిడ. ఎయిర్‌వే (శ్వాసదారి), బ్రీతింగ్ (శ్వాస), సర్క్యులేషన్ (రక్తప్రసరణ) అనే వరుస అందరికీ నోటికి వచ్చు, దాన్ని మనుషుల మీద పెట్టి చూడటం మాత్రం ఎవరూ ప్రాక్టీస్ చేయరు. అన్నట్టు, గుండె ఆగిపోయిన పేషెంట్ అని ప్రశ్నలో ఉంటే వరుస మారుతుంది, 2010 నుంచి అమెరికన్ హార్ట్ అసోసియేషన్ గైడ్‌లైన్స్ ప్రకారం ముందు ఛాతీ నొక్కడం, తర్వాతే ఎయిర్‌వే.

పెట్టిన జవాబు మార్చాలా వద్దా అని కూడా నీ ఉత్తరం చివర అడిగావు. "ఫస్ట్ అనుకున్నదే కరెక్టు, మార్చకు" అని మన సీనియర్లందరూ చెబుతారు. నేనూ చెప్పేదాన్ని. కానీ జవాబులు మార్చడం మీద ఎన్నో ఏళ్లుగా జరిగిన పరిశీలనల్లో తప్పు నుంచి ఒప్పుకు మారినవే ఎక్కువని తేలింది. మార్చి పోగొట్టుకున్న మార్కు గుర్తుండిపోతుంది, మార్చి తెచ్చుకున్నది మర్చిపోతాం, అంతే. "తప్ప" అనే మాట చూడలేదు, పిల్లాడని రాస్తే పెద్దవాడనుకున్నాను, ఇలాంటి కారణం దొరికితే మార్చు. ఊరికే భయమేస్తే మార్చకు.

ప్రశ్న: మాది భద్రాచలం దగ్గర. పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇప్పుడు జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) ఫస్ట్ ఇయర్. అనాటమీ క్లాసులో మేడమ్ చెప్పేది అర్థమవుతుంది గానీ ఇంగ్లీషులో రాయమంటే చేయి కదలదు. నోట్స్ బట్టీ పడుతున్నాను. మధ్యలో ఒక్క ముక్క మర్చిపోతే మిగతా మొత్తం పోతోంది. ఇంటర్నల్స్‌లో రెండు సబ్జెక్టులు పోయాయి.
(ఓ విద్యార్థిని)

జవాబు: తల్లీ, నేనూ తెలుగు మీడియమే. ఫస్ట్ ఇయర్‌లో "పెరిస్టాల్సిస్" (పేగుల కదలిక) అనే మాటను నెల రోజులు ఎవరో డాక్టరు పేరనుకున్నాను. కాబట్టి కంగారు పడకు.

బట్టీ పట్టినది దండలాంటిది, దారం ఒకచోట తెగితే పూసలన్నీ పోతాయి. దాని బదులు ముక్కలు పట్టుకో. వైద్యం మాటలు చూడటానికే పొడుగు, లోపల నాలుగు తునకలు ఉంటాయి. చివర "ఐటిస్" వస్తే వాపు, "ఎక్టమీ" వస్తే కోసి తీసేయడం, "ఆస్టమీ" వస్తే ద్వారం చేయడం, "ఈమియా" వస్తే రక్తానికి సంబంధించింది. ముందు "బ్రాడీ" వస్తే నెమ్మది, "టాకీ" వస్తే వేగం. "గ్యాస్ట్రో" పొట్ట, "నెఫ్రో" కిడ్నీ, "హెపటో" లివర్. ఇలాంటివి ఓ యాభై పట్టుకుంటే కొత్త మాట ఎదురైనా సగం అర్థం అదే చెప్పేస్తుంది. స్పెల్లింగ్ దగ్గర మాత్రం జాగ్రత్త, నోటితో ఒకేలా పలికే "ఇలియం" రెండున్నాయి. ఎల్ తర్వాత ఈ రాస్తే చిన్నపేగు చివరి భాగం, ఐ రాస్తే తుంటి ఎముక. జీర్ణవ్యవస్థ ప్రశ్నకు తుంటి ఎముక రాసిన పేపర్లు నేను లెక్కలేనన్ని దిద్దాను.

ఇక రాయడం. పాఠం ముందు తెలుగులో చెప్పుకో, పైకి, పక్కనున్న ఫ్రెండ్‌కి, లేదంటే హాస్టల్ గోడకి. గుండెలోకి రక్తం ఎటునుంచి వస్తుంది, ఎటు పోతుంది, వేలు పెట్టి చూపిస్తూ చెప్పు. తడబడకుండా చెప్పగలిగాక దాన్నే ఐదారు మాటల చిన్న ఇంగ్లీషు వాక్యాల్లో పెట్టు. గైడ్లలోని బారెడు వాక్యాలు వద్దు. పేపర్ దిద్దేవాళ్లు నీ ఇంగ్లీషు అందం చూడరు, పాయింటు ఉందా, బొమ్మ ఉందా, బొమ్మకు పేర్లు సరిగ్గా పెట్టావా, అది చూస్తారు. పెన్సిల్ బొమ్మ ఒకటి నీట్‌గా వేసి ఎనిమిది భాగాలు గుర్తిస్తే ఒక పేజీ ఇంగ్లీషు రాసినట్టే.

ఇంకొకటి, ఇది ఇంగ్లీష్ మీడియం వాళ్లకు కూడా. పది మార్కుల ప్రశ్న పక్కన 2+3+5 అని ఉంటుంది. నిర్వచనం రెండు, లక్షణాలు మూడు, నర్సింగ్ కేర్ ఐదు. మనవాళ్లు ఏం చేస్తారంటే తెలిసిన నిర్వచనాన్ని ఒకటిన్నర పేజీ సాగదీసి, కారణాలన్నీ అడగకపోయినా రాసి, నర్సింగ్ కేర్ దగ్గరికి వచ్చేసరికి టైమ్ లేక నాలుగు లైన్లతో ముగిస్తారు. ఒకటిన్నర పేజీకి రెండు మార్కులు, నాలుగు లైన్లకు ఒక మార్కు. ఎక్కడ ఐదుందో అక్కడ చేయి చాచి రాయాలి. 75 మార్కులకు 3 గంటలంటే మార్కుకు రెండు నిమిషాల పైన కొంచెం. పది మార్కుల ప్రశ్నకు ఇరవై రెండు నిమిషాలు దాటితే పెన్ను ఎత్తి తర్వాతి ప్రశ్నకు పో, కింద నాలుగు లైన్లు ఖాళీ వదిలి.

ప్రశ్న: మేడమ్, నేను బీఎస్సీ నర్సింగ్ చదివే బ్రదర్‌ని. డ్రగ్ కాలిక్యులేషన్ అంటే చెమటలు పడతాయి. ఇంటర్‌లో బైపీసీ తీసుకున్నదే లెక్కలు తప్పించుకోవడానికి. ఫార్ములాలు నాలుగైదు రాసుకున్నాను, ఏది ఎక్కడ వాడాలో తెలియదు. లెక్కల బిట్లు వదిలేస్తే ఏమవుతుంది?
(శ్రీకాకుళం)

జవాబు: పరీక్షలో వదిలేస్తే ఒకటి రెండు మార్కులు పోతాయి. వార్డులో వదిలేయడం కుదరదు కాబట్టి ఇప్పుడే తేల్చుకుందాం బ్రదర్, పైగా ఇది ఆరో తరగతి లెక్క.

ఫార్ములాలు నాలుగైదు కాదు, రెండే ఉన్నాయి. మొదటిది: ఇవ్వాల్సిన మందును చేతిలో ఉన్న మందుతో భాగించు, అది ఎన్ని ఎంఎల్‌లో కలిసి ఉందో దానితో గుణించు. పన్నెండు కిలోల పిల్లాడు, జ్వరం, పారాసిటమాల్ కిలోకు 15 మిల్లీగ్రాములు ఇవ్వమన్నారు. 12 ఇంటూ 15, అంటే 180 మిల్లీగ్రాములు. చేతిలో సిరప్ 5 ఎంఎల్‌లో 250 మిల్లీగ్రాములది. 180ని 250తో భాగిస్తే 0.72, ఇంటూ 5, జవాబు 3.6 ఎంఎల్. ఇక్కడ ఆగకు. ఆ 3.6ను కళ్లతో చూడు: చిన్న చెంచా కంటే కాస్త తక్కువ. పన్నెండు కిలోల పిల్లాడికి అంతే పడుతుంది, సరే. పాయింటు జారి 36 వచ్చిందనుకో, అరవై ఎంఎల్ సీసాలో సగం పైనే ఒక్కసారి తాగించాలన్నమాట! అది చూడగానే ఎక్కడో తేడా కొట్టిందని తెలియాలి. ఫార్ములా మర్చిపోయినవాళ్ల కంటే జవాబు వచ్చాక దాన్ని ఊహించుకోనివాళ్లే ఎక్కువ మార్కులు పోగొట్టుకుంటారు.

రెండోది డ్రిప్. మొత్తం ఎంఎల్‌ను సెట్ మీద రాసి ఉన్న చుక్కల లెక్కతో గుణించి నిమిషాలతో భాగించు. 500 ఎంఎల్ నార్మల్ సెలైన్ 4 గంటల్లో పోవాలి, సెట్ ఎంఎల్‌కు 20 చుక్కలది. 500 ఇంటూ 20, పది వేలు. 4 గంటలంటే 240 నిమిషాలు. భాగిస్తే 41.67, అంటే నిమిషానికి 42 చుక్కలు, చుక్కను ముక్క చేయలేం కాబట్టి. దీనికో అడ్డదారి ఉంది. గంటకు ఎన్ని ఎంఎల్ పోవాలో ముందు తెలుసుకో (ఇక్కడ 125), 20 చుక్కల సెట్ అయితే 3తో, 15 చుక్కలదైతే 4తో భాగించు, మైక్రో డ్రిప్ 60 చుక్కలదైతే భాగించేదే లేదు, గంటకు ఎన్ని ఎంఎలో నిమిషానికి అన్ని చుక్కలు. రేపు వార్డుకు పోయినప్పుడు ఏదైనా డ్రిప్ చాంబర్ ముందు వాచీ పట్టుకుని నిలబడు, 42 చుక్కలంటే పావు నిమిషంలో పదో పదకొండో పడతాయి. ఒకసారి కంటితో లెక్కపెట్టినవాడికి పరీక్షలో 420 అని జవాబొస్తే నవ్వొస్తుంది.

ఇన్సులిన్ లెక్క విడిగా చెప్పాలి, అక్కడ చాలామంది బోల్తా పడతారు. మన దగ్గర వయల్స్ ఎక్కువగా ఎంఎల్‌కు 40 యూనిట్లవి, వాటికి ఎర్ర మూత సిరంజి. ఎంఎల్‌కు 100 యూనిట్లవి కూడా ఉన్నాయి, వాటికి నారింజ మూత. ప్రశ్నలో ఏది ఇచ్చారో చదవకుండా అలవాటు కొద్దీ వేసేస్తే పది యూనిట్లకు 0.25 ఎంఎల్ రావాల్సింది 0.1 వస్తుంది, లేదా తిరగబడి వస్తుంది. మరో అలవాటు: సగం అని రాయాలంటే పాయింటుకు ముందు సున్నా ఉండాలి, 0.5. ఉత్త .5 అని రాస్తే చుక్క కనపడక ఐదైపోతుంది. ఐదుకు మాత్రం వెనక సున్నా పెట్టకు, 5.0 యాభై అయిపోతుంది. రోజుకు మూడు లెక్కలు, నెల రోజులు చెయ్యి. అంతకంటే ఏం అక్కర్లేదు.

ప్రశ్న: హైదరాబాద్‌లో ప్రైవేటు ఆసుపత్రిలో ఆరేళ్లుగా స్టాఫ్ నర్సును. నార్సెట్ (ఎయిమ్స్ నర్సు ఉద్యోగాల పరీక్ష) రాస్తున్నాను, రెండుసార్లు ప్రిలిమ్స్ పోయింది. విచిత్రం ఏంటంటే నా తర్వాత వచ్చిన ఫ్రెషర్ పాసైంది. నెగెటివ్ మార్కులకు భయపడి ముప్పై బిట్లు వదిలేశాను. వదలడం మంచిదా, పెట్టడం మంచిదా?
(ఓ సిస్టర్)

జవాబు: రెండు వేర్వేరు జబ్బులున్నాయి సిస్టర్, విడివిడిగా చూద్దాం.

ఎయిమ్స్ వాళ్ల నార్సెట్ ప్రిలిమ్స్‌లో 100 ప్రశ్నలు, 90 నిమిషాలు, తప్పుకు మూడోవంతు మార్కు కోత. నాలుగు ఆప్షన్లలో కళ్లు మూసుకుని పన్నెండు బిట్లు పెట్టారనుకోండి, సగటున మూడు ఒప్పు, తొమ్మిది తప్పు. వచ్చింది మూడు, పోయింది మూడు, చేతిలో సున్నా. లాభం లేదు, నష్టమూ లేదు. అదే పన్నెండింటిలో ఒక్కోదానిలో రెండు ఆప్షన్లు ఖాయంగా తప్పని కొట్టేయగలిగితే ఆరు ఒప్పు, ఆరు తప్పు, ఆరులోంచి రెండు పోతే నాలుగు మార్కులు మిగులుతాయి. ఒక్క ఆప్షన్ కొట్టేయగలిగినా కొంచెం లాభమే. ఆరేళ్లు వార్డులో చేసిన మనిషి ముప్పై బిట్లలో ఒక్క ఆప్షన్ కూడా కొట్టేయలేదంటే నేను నమ్మను. అసలు ఏ ముక్కా అర్థం కానివి నాలుగైదు వదిలేయండి, మిగతావి పెట్టండి. సెక్షన్‌కి విడిగా టైమ్ ఉందా అనేది ఆ ఏటి నోటిఫికేషన్‌లో చూసుకోండి. ఇరవై ప్రశ్నలు జనరల్ నాలెడ్జి, ఆప్టిట్యూడ్, వాటిని మనవాళ్లు ముట్టుకోరు, కటాఫ్ దగ్గర తేలేది అక్కడే.

రెండో జబ్బు అనుభవం. నొచ్చుకోకండి. ఫ్రెషర్ పాసవడానికి కారణం ఆవిడకు వార్డు తెలియకపోవడమే! మీకు నైట్ డ్యూటీలో ఇరవై మంది పేషెంట్లు, ఒక్కరే సిస్టరు, సక్షన్ మెషీన్ పక్క వార్డులో, డాక్టరుగారు ఫోన్ ఎత్తరు. మీరు ఆ లెక్కలన్నీ మనసులో వేసుకుని జవాబు పెడతారు. ప్రశ్నపత్రంలోని ఆసుపత్రి వేరు. అక్కడ గ్లవ్స్ ఎప్పుడూ అయిపోవు, ఆక్సిజన్ మంచం పక్కనే ఉంటుంది, మీ ముందు ఒక్క పేషెంటే ఉంటాడు, పేషెంట్ తాలూకు వాళ్లు గొడవ చేయరు. "మా దగ్గర ఇలా చేస్తాం" అనే మాట హాలు బయట చెప్పులతో పాటు వదిలి లోపలికి వెళ్లండి. అయితే మీ అనుభవం ఊరికే పోదు, ప్రిలిమ్స్ దాటాక మెయిన్స్‌లో కేసు చెప్పి అడిగే ప్రశ్నలొస్తాయి, అక్కడ ఆ ఫ్రెషర్ కంటే మీకే పట్టు ఎక్కువ.

ప్రశ్న: కువైట్‌లో పనిచేస్తున్నాను. సెలవులో వచ్చి హైదరాబాద్‌లో ఎన్‌క్లెక్స్ (అమెరికాలో నర్సు లైసెన్స్ కోసం రాసే పరీక్ష) రాద్దామని. 85 ప్రశ్నల దగ్గర ఆగిపోతే పాసని కొందరు, ఫెయిలని కొందరు అంటున్నారు. "వర్తించేవన్నీ గుర్తించండి" అనే ప్రశ్నలంటే భయం.
(ఓ సోదరి)

జవాబు: రెండూ నిజమే. తక్కువలో తక్కువ 85, ఎక్కువలో ఎక్కువ 150 ప్రశ్నలు, 5 గంటల టైమ్. మీరు పాస్ గీతకు పైనున్నారో కిందున్నారో కంప్యూటర్‌కు నమ్మకం కుదరగానే ఆపేస్తుంది, అది పైకైనా కావచ్చు, కిందికైనా కావచ్చు. ప్రశ్నలు కష్టమవుతుంటే ఏడవకండి, మీరు సరిగ్గా రాస్తున్నారనే అర్థం కావచ్చు. వెనక్కి వెళ్లి మార్చడం కుదరదు, కాబట్టి పైన ఒంగోలు అమ్మాయికి చెప్పినది మీకు పనికిరాదు, నొక్కేముందే ఆలోచించాలి.

2023 ఏప్రిల్ నుంచి కొత్త పద్ధతి వచ్చింది. అంతకుముందు "వర్తించేవన్నీ" ప్రశ్నలో ఒక్కటి తప్పినా మొత్తం సున్నా, ఇప్పుడు ఒప్పుకు ఒకటి వస్తుంది, తప్పుగా పెట్టినదానికి ఒకటి పోతుంది, సున్నా కిందికి మాత్రం దిగదు. ఆరింటికి ఆరూ టిక్కు పెట్టేద్దాం అనే తెలివితేటలు వద్దు, మూడు ఒప్పు మూడు తప్పు అయితే మిగిలేది సున్నా. ఒక్కో ఆప్షన్‌ను విడిగా "అవునా కాదా" అని అడిగి తేల్చండి, పక్కదానితో పోల్చకండి.

మనవాళ్లు ఎక్కువ పోగొట్టుకునేది పనులు అప్పగించే ప్రశ్నల్లో. అమెరికాలో ఆర్ఎన్ (రిజిస్టర్డ్ నర్సు) కింద ఎల్‌పీఎన్ (లైసెన్స్‌డ్ ప్రాక్టికల్ నర్సు), నర్సింగ్ అసిస్టెంట్ అని మెట్లుంటాయి, మన దగ్గర అన్నీ మనమే చేస్తాం. గుర్తుకు ఒకటి: మొదటి అసెస్‌మెంట్, పేషెంట్‌కు నేర్పడం, ఫలితం తేల్చడం ఆర్ఎన్ చేతిలోంచి పోవు. నిలకడగా ఉన్న పేషెంట్‌కు స్నానం, నడిపించడం, తినిపించడం లాంటివి అసిస్టెంట్‌కు. ఇంకో చిన్న సంగతి, మీ వార్డులో షుగర్‌ను మిల్లీమోల్స్‌లో చూసే అలవాటుంటే 18తో గుణించి మిల్లీగ్రాముల్లోకి కళ్లను మార్చుకోండి.

ప్రశ్న: మా అమ్మాయి నర్సింగ్ రెండో సంవత్సరం. పరీక్షలొస్తే తెల్లార్లూ మేలుకుని ఆకుపచ్చ, పసుపు స్కెచ్‌లతో పుస్తకమంతా గీతలు గీస్తుంది. టీ తప్ప ఏమీ ముట్టదు. అయినా సప్లీలు ఉన్నాయి. ఏం చెప్పమంటారు?
(ఓ తల్లి, కడప)

జవాబు: పుస్తకం మూసేయమని చెప్పండి అమ్మా. నిజంగానే. చదివిందే మళ్లీ మళ్లీ చదివితే వచ్చేసినట్టు అనిపిస్తుంది, రాదు. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు పరిశోధకులు కాలేజీ పిల్లలతో దీన్ని చూశారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత అడిగితే మాత్రం, పుస్తకం మూసి గుర్తున్నంత రాసుకున్నవాళ్లే ఎక్కువ చెప్పారు. పరీక్ష ఐదు నిమిషాల తర్వాత ఉండదు కదా. రాత్రి భోజనం దగ్గర మీరే అడగండి, "ఇవాళ ఏ జబ్బు చదివావే, నాకు అర్థమయ్యేట్టు చెప్పు" అని. మీకు అర్థమైతే ఆ పిల్లకు వచ్చినట్టే. పదకొండుకు లైటు ఆర్పేయండి, తిట్టుకున్నా సరే.

ప్రశ్న: థియరీ పర్వాలేదు. ప్రాక్టికల్స్‌లో ఎక్స్‌టర్నల్ (బయటి నుంచి వచ్చే ఎగ్జామినర్) ముందు చేతులు వణుకుతాయి, ప్రొసీజర్ సగంలో మర్చిపోతాను. మొన్న మోడల్ ప్రాక్టికల్‌లో ఫోర్సెప్స్ (పట్టకారు) జారి ట్రేలోంచి కింద పడింది, ఏడ్చేశాను.
(ఓ విద్యార్థిని, నల్గొండ)

జవాబు: నా కథ విను. నా ఫైనల్ ప్రాక్టికల్‌లో కెథెటరైజేషన్ (మూత్రానికి గొట్టం పెట్టడం) పడింది. గ్లవ్స్ వేసుకున్నాక నా కుడి చేయి అంచు దుప్పటికి తగిలింది, ఎవరూ చూడలేదు. ఎక్స్‌టర్నల్ అటు తిరిగి ఏదో రాసుకుంటోంది. ఒక్క క్షణం గుండె ఆగినంత పనైంది, కొనసాగిద్దామా అనుకున్నాను. ఎందుకో నోరు ఊరుకోలేదు, "మేడమ్, గ్లవ్ తగిలింది, మార్చుకుంటాను" అన్నాను. ఆవిడ తలెత్తి "మార్చుకో" అంది, అంతే. చివర్లో వైవాలో ఒక్క ప్రశ్న అడిగి పంపేసింది. ఆ తర్వాత నేను ఎక్స్‌టర్నల్‌గా వెళ్లినప్పుడు నాకు తెలిసింది, మేం అటు తిరిగినప్పుడు కూడా చూస్తూనే ఉంటాం.

కాబట్టి ఫోర్సెప్స్ పడితే ఏడవడం కాదు, "పడిపోయింది, స్టెరైల్ కాదు, ఇంకొకటి తీసుకుంటాను" అని పైకి చెప్పి తీసుకో. దానికి మార్కులు కోయరు. కిందపడినదాన్ని తుడిచి ట్రేలో పెట్టినవాళ్లకు కోస్తాం, కళ్లజోడు సర్దుకుని మరీ కోస్తాం.

మర్చిపోవడానికి మందు ఒకటుంది. సబ్బు నీళ్లతో చేతులు కడగడానికి డబ్ల్యూహెచ్‌ఓ చెప్పిన టైమ్ 40 నుంచి 60 సెకన్లు. మనవాళ్లు పది సెకన్లలో ముగించి ట్రే మీదికి పరుగెత్తుతారు. ఆ నిమిషం నీదే, ఎవరూ తొందరపెట్టలేరు, పెడితే వాళ్లే తప్పు. అరచేతులు, వేళ్ల సందులు, బొటనవేలు, గోళ్లు రుద్దుతూ ప్రొసీజర్ మొత్తం మనసులో ఒకసారి నడిపించు: పేషెంట్‌కు చెప్పడం, తెర లాగడం, పొజిషన్, ట్రే, పని, తర్వాత సర్దడం, రాసిపెట్టడం. మర్చిపోయేది ఎక్కువగా మధ్యది కాదు, మొదటిదీ చివరిదీ: పేషెంట్ పేరు అడిగి చూసుకోవడం, అయిపోయాక రికార్డులో రాయడం. వైవాలో తెలియనిది అడిగితే "గుర్తు రావడం లేదు మేడమ్" అని చెప్పు, సొంతంగా కొత్త మందు కనిపెట్టకు.

చేతులు వణుకుతాయంటావా, వణకనీ. చల్లటి నీళ్లు కాకుండా గోరువెచ్చటివి దొరికితే వాటితో కడుక్కో.